ఎర్ర దారం గ్లాసు

ముందే చెప్పుకుంటే మంచిది. నేను ఉన్నదున్నట్టు చెప్పే మనిషిని కాను. మా ఇంట్లో ఎలుక తిరిగితే, నా నోట్లోంచి బయటికి వచ్చేసరికి అది పందికొక్కు అవుతుంది. వినేవాళ్ళు కాస్త శ్రద్ధ చూపిస్తే అడవిపంది కూడా అవుతుంది. పెరట్లో పాము కుబుసం కనిపించిందనుకోండి, ఆ పాముతో నేను ముఖాముఖి మాట్లాడినట్టే చెబుతాను. మా ఆవిడ నా మాటల్ని నాలుగుతో భాగించి నమ్ముతుంది. స్నేహితులు పదితో భాగిస్తారు. మా అమ్మ ఒక్కతే నేను ఏం చెబితే అది, ఎంత చెబితే అంత, పూర్తిగా నమ్మింది. కాబట్టి ఈ అధ్యాయంలో కొలతల్ని నమ్మకండి. భయాన్ని మాత్రం నమ్మండి, అది ఊదడానికి వీల్లేనంత పెద్దదిగానే పుట్టింది. ఊదినవి ఎన్ని ఉన్నా, అసలు లేనిదాన్ని ఉన్నట్టు కల్పించింది ఇందులో ఒక్కటే ఉంది. అదేదో చివర ఒప్పుకుంటాను. మధ్యలో ఆపి అడిగితే మాత్రం చెప్పను.

మొన్న ఆదివారం పొద్దున మా అమ్మాయి తన పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పడేసింది. ఇంటర్ మొదటి సంవత్సరం. రెండో భాషగా ఫ్రెంచ్ తీసుకుంది. నాలాగే. అచ్చం నాలాగే, భాష మీద ప్రేమతో కాదు, మార్కుల మీద ప్రేమతో. "నాన్నా, నువ్వు తెలుగులో అడుగు, నేను ఫ్రెంచ్‌లో చెప్తా" అంది. తెరిచి ఉన్న పేజీ చూస్తే అదే పాఠం. బొమ్మల రంగులు మారాయి గానీ బల్ల అదే, బల్ల మీద సామాను అదే. నీళ్ళు 'ఓ'. గ్లాసు 'వేర్'. గాజు కూజా 'కరాఫ్', మట్టి కూజా 'క్రూష్', సీసా 'బుతేయ్', కప్పు 'తాస్'. వరసగా అడిగాను, వరసగా చెప్పింది. "గ్లాసుడు నీళ్ళు?" అన్నాను. "అన్ వేర్ దో" అంది. ఆ మూడు ముక్కలు చెవిలో పడగానే నా వెన్నులో ఎవరో చన్నీళ్ళ బిందె బోర్లించినట్టయింది. సరిగ్గా అప్పుడే మా అమ్మ వంటింట్లోంచి నాకు మంచినీళ్ళు తెచ్చింది. తెచ్చి, ఇవ్వబోయే ముందు, గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

మా అమ్మకు డెబ్బై దాటాయి. ఎవరికి నీళ్ళిచ్చినా ముందు వాసన చూసే ఇస్తుంది. కరెంటు మీటరు చూడటానికి వచ్చిన మనిషికైనా అంతే, పెళ్ళిలో కాగితం గ్లాసైనా అంతే. కొత్తవాళ్ళు కాస్త నొచ్చుకుంటారు. మా అమ్మాయి నవ్వింది. "నానమ్మా, అది నేను ఇప్పుడే కడిగిన గ్లాసు."

"అవ్ బిడ్డా, కడిగిన గ్లాసే," అంది మా అమ్మ. "గా దినం గూడ కడిగిన గ్లాసే."

నేను పుస్తకం మూసేశాను.

మా ఊరు అడవి అంచున ఉండేది. ఇంటి వెనక మిరపతోట, తోట వెనక ముళ్ళకంప, కంప వెనక భద్రాచలం దాకా టేకు చెట్లు. మా తాత వేంసూరు వైపు నుంచి వచ్చి అక్కడ భూమి చేసుకున్నాడు. ఆ ఇంట్లో గ్లాసులకు ఉన్న కట్టుబాట్లు పెద్ద పెద్ద ఆఫీసుల్లో కుర్చీలకు కూడా ఉండవు. ఇదంతా మా నాయనమ్మ పెట్టిన చట్టం. మనిషికొక స్టీలు గ్లాసు, దాని మీద చుక్కలు చుక్కలుగా పేరు చెక్కి ఉండాలి. ఒకరి గ్లాసు ఒకరు ముట్టరాదు. ఎవరి గ్లాసుతో వాళ్ళయినా సరే, పైకెత్తి గొంతులో పోసుకోవాలి, అంచుకు పెదవి తగిలితే ఎంగిలి. ఎంగిలి అన్న మాట మా నాయనమ్మ పలికితే పెరట్లో కోళ్ళు కూడా మేత మానేసి నిలబడేవి. ఆమె మాత్రం రాగిచెంబును మూరెడు ఎత్తులో పట్టుకుని, ఒక్క చుక్క గడ్డం మీద పడకుండా, కళ్ళు మూసుకుని తాగేది. కుండ మీద మూతకు వాసన ఉండేది, తడి ఇసుక వాసన. మిరపకాయలు ఎండే రోజుల్లో ఆ తడి వాసనలోకి కారం ఘాటు వచ్చి కలిసేది. నీళ్ళు తాగినా తుమ్ములే.

ఇక గాజు గ్లాసులు. అవి టీపొడి పొట్లాలతో ఊరికే వచ్చినవి, పక్కన పువ్వు గీతలున్నవి. మేం వాటితో తాగేవాళ్ళం కాదు. చుట్టాలు వస్తే గూట్లోంచి దిగేవి. ఎన్ని వచ్చాయో, ఎన్ని పగిలాయో ఎవరికీ పట్టేది కాదు. వాటిలో ఒకటి మాత్రం పశువుల కొట్టంలో, గోడ గూట్లో, మనుషుల చేతికి అందనంత ఎత్తులో ఉండేది. దాని నడుముకు ఎర్ర దారం. అది పురుగుమందు కొలిచే గ్లాసు. మా పక్క మిరప వేసిన ప్రతి ఇంట్లోనూ అలాంటి గ్లాసొకటి, దానికో గుర్తు ఉండేవి. కొందరు సున్నం బొట్టు పెట్టేవాళ్ళు, కొందరు దారం కట్టేవాళ్ళు. మా నాన్న తల్లాడ నుంచి మందు డబ్బా తెచ్చిన రోజు ఆ గ్లాసు దిగేది, పిచికారీ పంపుల్లోకి మందు కొలిచి పోశాక మళ్ళీ గూట్లోకి ఎక్కేది. ఒక ఏడాది పాలు మరవని దూడ ఆ మందు కలిపిన బకెట్ అంచును నాకింది. నేను పెద్దగా చేసి చెప్పడం లేదు, అది కొట్టం గడప దాటలేదు. నోట్లోంచి నురగ. కంటి నల్లగుడ్డు ఆవగింజంత. ఆ రోజు నుంచి ఎర్ర దారం కనిపిస్తే నేను కొట్టంలో ఊపిరి బిగబట్టి నడిచేవాణ్ణి.

ఖమ్మంలో నేను చదివిన ఫ్రెంచ్ గురించి రెండు మాటలు. మా సారు చాలా మంచివాడు. ఆయనకు ఫ్రెంచ్ వచ్చా అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేని విషయం. ఏటా పరీక్షలో వచ్చేది తాగే వస్తువుల పాఠమే గనక, ఏడాది పొడుగునా అదే చెప్పాడు. భూతకాలం తరవాతి పాఠంలో ఉంది, పరీక్షకు రాదు, వదిలేయండి అన్నాడు. వదిలేశాం. పాఠం బొమ్మలో ఒక బల్ల, బల్ల మీద తెల్ల గుడ్డ, గుడ్డ మీద పక్కపక్కన రెండు గాజు గ్లాసులు. ఒకటి నీళ్ళకు, ఒకటి ద్రాక్షసారాకు. ఆ బొమ్మను నిద్రలో లేపి అడిగినా గీసి చూపించేవాణ్ణి. నూటికి తొంభై తొమ్మిది వచ్చాయి. ఆ కబురు మా ఊరు చేరేసరికి నాకు ఫ్రెంచ్ వచ్చు అని అయింది. నేను కాదనలేదు.

దానికి శిక్ష ఇప్పపువ్వు రాలే రోజుల్లో వచ్చింది. ఫ్రాన్సు నుంచి ఒక చదువుకునే అమ్మాయి, ఇప్పపువ్వు మీద ఏదో పెద్ద చదువు, అడవి ఊళ్ళకు బయలుదేరింది. వెంట వాళ్ళమ్మ కూడా ఉంది. ఆ అమ్మాయికి ఇంగ్లీషు వచ్చు, ఆ తల్లికి ఫ్రెంచ్ తప్ప మరో ముక్క రాదు. ఎండకు ఆమె కాళ్ళు వాచిపోయాయి. లోపలి ఊరికి జీపులో కుదుపులు తట్టుకోలేదు, సాయంత్రం దాకా ఎవరింట్లోనైనా ఉంచాలి. ఆ ఇల్లు మాదే కావాలని ఊరంతా తీర్మానించింది, ఎందుకంటే తొంభై తొమ్మిది మార్కులు ఉన్నది మా ఇంట్లో. ఆమె పేరు మా నోళ్ళకు తిరగలేదు గనక మదాం అన్నాం. అరవై ఏళ్ళ మనిషి, ఎండకు కందిన చేతులు, శంఖుపువ్వు రంగు కళ్ళు. అంత నీలం కళ్ళు మా ఊళ్ళో అంతకు ముందు ఎవరూ చూడలేదు. పిల్లలు గోడ మీదికెక్కి మరీ చూశారు.

నాన్న మిర్చి బస్తాలతో ఖమ్మం వెళ్ళాడు. ముందు రోజే అమ్మ కొట్టం, ఇల్లు, వసారా అంతా ఊడ్చి, ఇంట్లో ఉన్న సామానంతా బావి దగ్గర కుప్ప వేసి తోమింది. ఆ కుప్ప మా ఇంటి కప్పు కన్నా జానెడే తక్కువ. బల్ల మీద తెల్ల దుప్పటి నేనే పరిచాను. రెండు గాజు గ్లాసులు తళతళలాడుతూ పక్కపక్కన నిలబడ్డాయి, అచ్చం పాఠంలో బొమ్మ. అమ్మ ఒకదాంట్లో కుండనీళ్ళు పోసింది, ఇంకోదాంట్లో నిమ్మకాయ నీళ్ళు, పంచదార దండిగా వేసి. నేను మదాం ముందు నిలబడి వంగి దండం పెట్టి "ఓ" అన్నాను, నీళ్ళు చూపిస్తూ. ఆమె నవ్వి ఏదో అరగంట మాట్లాడింది. నాకు ఒక్క 'వేర్' తప్ప ఏమీ అర్థం కాలేదు. తల ఊపి, పని ఉన్నట్టు పరుగెత్తాను.

పన్నెండు గంటలకు ఆమె అన్నంలో పండుమిరప పచ్చడి కూరలా కలుపుకుని తినేసింది. అమ్మ వద్దు వద్దని చేతులూపితే, బాగుందనుకుని ఇంకాస్త వేసుకుంది. ఒంటి గంటకు మంచం మీద వాలింది. రెండు గంటలకు వాంతి. ఒళ్ళంతా చెమట, దుప్పటి పిండితే కారేంత చెమట. నాయనమ్మ విసనకర్ర పట్టుకుని కూర్చుంది. అమ్మ గేదెకు చొప్ప వేయడానికి కొట్టంలోకి వెళ్ళింది. వెళ్ళిన అమ్మ తిరిగి వచ్చిన తీరు నేను ఇప్పటికీ మరవలేదు. పరుగెత్తలేదు. గోడ పట్టుకుని నడిచి వచ్చింది.

"ఒరేయ్," అంది. "కొట్టంల గూట్లె గ్లాసేది?"

నేను బల్ల వైపు చూశాను. అమ్మా చూసింది. రెండు గ్లాసులు. రెండూ ఖాళీ. రెండింటికీ పువ్వు గీతలు. దేనికీ దారం లేదు.

నేను కొట్టంలోకి పరుగెత్తి, మేత తొట్టి ఎక్కి, గూట్లో చెయ్యి పెట్టి ఎర్ర దారం ముక్కలు తెచ్చాను. "ఎలుక కొరికిందమ్మా" అన్నాను. అమ్మ ఆ ముక్కల్ని అరచేతిలో పెట్టుకుని అక్కడే కూలబడింది. "నిన్న కొట్టం ఊడ్సి అన్నీ బాయికాడ ఏసిన. దారం లేదు గందా, గిన్నెలల్ల కలిసిపోయింది. నేనే తోమిన. నేనే పోసిన. నా చేతుల్తోని పోసి ఇచ్చిన, అత్తమ్మా!" అంది. మా నాయనమ్మ విసనకర్ర ఆగింది. నాకు దూడ కనిపించింది. నురగ కనిపించింది. పోలీసు జీపు, సాయంత్రం అడవిలోంచి తిరిగి వచ్చే ఆ అమ్మాయి మొహం, చేతులకు బేడీలతో మా అమ్మ, అన్నీ ఒక్కసారే కనిపించాయి.

మా ఊరి ఆరెంపీ డాక్టరు సైకిలు మీద వచ్చాడు. సగం జిల్లాకు ఆయన చేతి సూదులే. నాడి చూశాడు, కడుపు నొక్కాడు, బ్యాటరీ లైటు వేసి మదాం కళ్ళలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. తరవాత లైటు ఆర్పి మా అమ్మ వైపు తిరిగాడు.

"అక్కా, మందు లోపలికి పోతె నల్లగుడ్డు సన్నవడాలె. గీమెది సన్నగనే ఉన్నట్టుంది. గని నీలం కళ్ళల్ల నల్లగుడ్డు మామూలుగ ఎంతుంటదో నాకేం ఎరుక? నేనెన్నడు చూసిన?"

"గట్లంటె ఎట్ల తమ్మీ? సూదెయ్యి."

"మందు తాగితెనే ఆ సూది, అక్కా. తాగకుంటె సూదే పానం మీదికి తెస్తది. పెద్ద దవాఖానా అంటె సాయంత్రం బస్సు దాక ఆగాలె. ముందుగాల తాగిందా లేదా తెల్వాలె. నీ కొడుక్కు భాష వస్తది గదా, అడగమను."

అందరూ నా వైపు తిరిగారు. గోడ మీది పిల్లలు కూడా. నేను మంచం దగ్గరికి నడిచాను. నాలుగడుగుల దూరం, నాకు పాపికొండలు ఎక్కినట్టుంది. కావలసింది చిన్న ప్రశ్న. ఆ గ్లాసులోది తాగారా? గ్లాసుకు మాట ఉంది. నీళ్ళకు మాట ఉంది. ప్రపంచంలో ఉన్న చదువంతటిలో ఆ గడియకు పనికొచ్చే పాఠం ఏదైనా ఉంటే అది నాకు వచ్చిన పాఠమే. కానీ తాగారా అని అడగడం తరవాతి పాఠంలో ఉంది. నా నాలుక మీద ఉన్న వాక్యం ఒక్కటే, ఏడాదంతా అరిచి అరిచి బట్టీ పట్టింది. మదాం కళ్ళు తెరిచి నన్ను చూసింది. నేను నోరు తెరిచాను.

"వు వులే అన్ వేర్ దో?"

అంటే, గ్లాసుడు నీళ్ళు కావాలా అని. విషం పోసి ఇచ్చామేమోనని మేం భయంతో చస్తుంటే, ఆ మనిషిని మర్యాదగా, సరైన ఉచ్చారణతో, ఇంకో గ్లాసు కావాలా అని అడిగాను.

మదాం రెండు చేతులూ అడ్డం పెట్టి "నోఁ, నోఁ!" అంది. వెనక్కి జరిగింది. ఆ కళ్ళలో భయం. అప్పటిదాకా భయం మా వైపే ఉంది, ఇప్పుడు మంచం మీదికి కూడా చేరింది. "ఏమంటదిరా? తాగిందంటదా?" అని అమ్మ నా భుజం పట్టి ఊపింది. తొంభై తొమ్మిది మార్కులూ కారిపోయి నా కాళ్ళ దగ్గర మడుగు కట్టాయి. మడుగు సంగతి నేను పెద్దది చేసి చెబుతున్నానని మీరనుకుంటే మీ ఇష్టం.

అమ్మ నన్ను పక్కకు నెట్టింది. బల్ల మీది రెండు గ్లాసులూ తెచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. అక్షరం ముక్క రాని మనిషి. ఒక గ్లాసు ఎత్తి తాగినట్టు చేసి మదాం మొహంలోకి చూసింది. అది దింపి రెండోది ఎత్తింది, తాగినట్టు చేసి, గొంతు పట్టుకుని, కళ్ళు మూసి, తల వాల్చింది. మళ్ళీ కళ్ళు తెరిచి చూసింది. ఆ చూపులో ప్రశ్న ఒక్కటే కాదు, కాళ్ళు పట్టుకోవడం కూడా ఉంది. మదాం మెల్లగా లేచి కూర్చుంది. చెయ్యి చాపి రెండు గ్లాసులూ తీసుకుంది. ఒకదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, ఊఁ, అని తల ఊపి అమ్మకిచ్చింది. రెండోదాన్ని ముక్కు దగ్గరికి తెచ్చి మొహం తిప్పేసుకుంది. తిప్పి, వేలితో కిటికీ చూపించింది.

అమ్మ, డాక్టరు, వెనక నేను, ఇంటి వెనక్కి పరుగెత్తాం. కిటికీ కింద గోరింట మొదట్లో తడి ఇంకా ఆరలేదు. తడిలో నాలుగు నిమ్మగింజలు. అంత పంచదార పోసిన నీళ్ళు అక్కడ ఒలికితే మామూలుగా చీమల బారు భద్రాచలం దాకా ఉండాలి. ఒక్క చీమ లేదు. అమ్మ వంగి ఆ గింజల్ని చూసి, చూసి, చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడ్చిందో నవ్విందో తెలియని చప్పుడు వచ్చింది. "పారబోసిందక్కా! తాగలే!" అని డాక్టరు గాలిలోకి అరిచాడు. "గిది ఎండ దెబ్బ, పచ్చడి దెబ్బ. ఉప్పు చక్కెర నీళ్ళు పట్టియ్యి, జల్దీ."

అక్కడ ఇంకో చిక్కు. మదాం మా ఇంట్లో ఏ గ్లాసూ ముట్టదు. స్టీలుది చూపిస్తే వద్దు, కంచుది చూపిస్తే వద్దు. ఎలా ముడుతుంది? పెదవులు ఎండి చీలుతున్నాయి, చెమట ఆగడం లేదు, డాక్టరు తొందర పెడుతున్నాడు. అప్పుడు మూల నుంచి మా నాయనమ్మ లేచింది. తన రాగిచెంబులో, పుట్టిన దగ్గర నుంచి ఎవరి పెదవీ సోకని ఆ చెంబులో, ఉప్పు చక్కెర నీళ్ళు కలిపి మా అమ్మ చేతికిచ్చింది.

"ముందుగాల నువ్వు తాగు, పిల్లా. మూతి పెట్టి తాగు. ఆమె చూడాలె."

"ఎంగిలైతది, అత్తమ్మా."

"కానియ్యే. ఎంగిలే కావాలె గిప్పుడు."

అమ్మ చెంబు అంచుకు పెదవి ఆనించి ఒక గుక్క తాగింది. అమ్మ గొంతు కదలడం మదాం చూసింది. చెయ్యి చాపింది. అదే అంచుకు తన పెదవి ఆనించి ఒక గుక్క తాగింది. మళ్ళీ అమ్మ ఒకటి, మళ్ళీ ఆమె ఒకటి. పొద్దు వాలేదాకా అలాగే, చెంబు వెనక చెంబు. సాయంత్రం జీపులో కూతురు వచ్చేసరికి ఇద్దరూ ఒకే మంచం మీద చెరో పక్క ఆనుకుని ఉన్నారు. ఆ అమ్మాయి ఇంగ్లీషులో చెబితే డాక్టరు తెలుగు చేశాడు. వాళ్ళది ద్రాక్షతోటలున్న ఇల్లట. వాళ్ళ కొట్టంలోనూ మందు కొలిచే గ్లాసు ఒకటి ఉండేదట. వాళ్ళమ్మ పెళ్ళయి వెళ్ళిన రోజు నుంచి ఏ గ్లాసైనా వాసన చూడందే నోటికి తేదట. మా మీద కోపం లేదట. చెప్పడానికి మాట లేక, మమ్మల్ని నొప్పించలేక, ఎవరూ చూడకుండా కిటికీలోంచి పారబోసిందట.

నాన్న తిరిగి వచ్చాక ఆ గ్లాసును గుడ్డలో చుట్టి, కంప దాటించి, నడుంలోతు గొయ్యి తీసి పూడ్చాడు. ఇప్పుడు మందు డబ్బాల మూతకే కొలత గీతలు వస్తున్నాయి, గ్లాసు అక్కర్లేదు. ఇంట్లో కుండ లేదు, రాగిచెంబు అటక మీద ఉంది, నీళ్ళు ప్లాస్టిక్ క్యాన్‌లో వస్తాయి. ఎవరి గ్లాసు ఎవరిదో ఎవరికీ తెలియదు. తెలియాలని కూడా ఎవరూ అనుకోరు. ఆ రోజుల్లోంచి మా ఇంట్లో మిగిలిందల్లా మా అమ్మ ముక్కే. అన్నేళ్ళుగా చుట్టాలందరికీ తన తప్పుగానే ఈ కథ చెబుతుంది. "చూసుకోకుంట పోసి ఇచ్చిన, ఆ తల్లి పుణ్యాన బతికి బయటవడ్డ" అని. చెప్పిన ప్రతిసారీ రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుంటుంది, అక్కడ ఇంకా ఏదో అంటి ఉన్నట్టు. నేను పక్కనే ఉంటాను. పల్లీలు తింటూ వింటాను.

ఇక ఒప్పుకోవలసింది. సామాను కుప్ప ఇంటి కప్పంత లేదు, నా నడుమంత ఉంది. చీమలు లేని మాట నిజం. నీలం కళ్ళు నిజం, డాక్టరు మాట నిజం, నేను అడిగిన ప్రశ్న అక్షరం పొల్లు పోకుండా నిజం. కల్పించింది ఎలుకను. కొట్టంలో ఏ ఎలుకా ఏ దారమూ కొరకలేదు. పాఠం బొమ్మలో గ్లాసులు రెండు. ఇంట్లో చుట్టాల గ్లాసుల గూట్లో చూస్తే ఒక్కటే మిగిలి ఉంది. మదాం ముందు బొమ్మ తప్పిపోతే నాకు ఫ్రెంచ్ రాదని తెలిసిపోతుందని భయపడ్డాను. కొట్టంలో మేత తొట్టి మీదికెక్కి, గూట్లోంచి ఆ ఎర్ర దారం గ్లాసు దించి, నాన్న గడ్డం గీసుకునే బ్లేడుతో దారం కోశాను. బూడిదతో మూడుసార్లు, చింతపండుతో రెండుసార్లు తోమాను. వాసన చూశాను, బూడిద వాసనే వచ్చింది. నీళ్ళు పోస్తారని తెలుసు. అంత తోమాను గదా, ఏమవుతుందిలే అనుకున్నాను.

మా అమ్మకు చదువు రాదు. నేను రాసినవన్నీ మా అమ్మాయి మధ్యాహ్నం పూట ఆమెకు చదివి వినిపిస్తుంది. ఇది కూడా వినిపిస్తుంది. వద్దని రెండుసార్లు కాగితాలు దాచాను, రెండుసార్లు నేనే తీసి బల్ల మీద పెట్టాను. మంచం దగ్గరికి నడిచిన ఆ నాలుగడుగుల్లో ఎంత భయపడ్డానో, ఇప్పుడూ అంతే ఉంది. నేను వసారాలో కూర్చుని ఉంటాను, ఎక్కడికీ పోను. లోపల చదవడం ఇక్కడిదాకా వస్తుంది.

ఎలుక లేదమ్మా. నీ చేతుల తప్పేం లేదు. ఒక గ్లాసుడు నీళ్ళు తెచ్చి ఇవ్వు, వాసన చూడకుండా.